పోటీయు పొత్తును: షిబుసావా ఎయిచి

జపాను దేశమున ముసాషీ సీమలోని చియారాయిజిమా అను పల్లెలో 1862 వ సంవత్సరమున నీలిమందు ఆకు పండించు రైతుల పేర్లతో ఒక పట్టిక వెలువడెను. సుమో మల్లక్రీడలో జెట్టీలను బలమును బట్టి పై వరుస, క్రింది వరుస అని పేర్కొనుట ఆ దేశపు ఆచారము. ఆ తీరుననే రైతుల పేర్లును వారి ఆకు నాణ్యమును బట్టి వరుసగా వ్రాయబడినవి. విందు జరిగినప్పుడు మేలైన ఆకు పండించినవానికి అగ్రాసనము. క్రింది పీటల వారు మరుసటి యేటికైనను పై పీట ఎక్కవలెనని పంతము పట్టి పైరును మునుపటికంటె శ్రద్ధగా చూచుకొనుచుండిరి. ఈ యుక్తి పన్నినవాడు ఇరువది రెండేండ్ల షిబుసావా ఎయిచి.

ఆయన 1840 లో ఆ పల్లెలోనే సంపన్నుడైన ఒక కర్షకుని ఇంట జన్మించెను. తండ్రికి సేద్యముతోపాటు పట్టుపురుగుల పెంపకమును, నీలిమందు వర్తకమును గలవు. ఇరుగుపొరుగు రైతుల యొద్ద ఆకు కొని, పులియబెట్టి, ముద్దలు కట్టి, అద్దకపువారికి అమ్ముట ఆ వర్తకపు పద్ధతి. (మన కడప, నెల్లూరు సీమలలో పండిన నీలిమొక్క వేరు, ఇది వేరు; రంగు మాత్ర మొక్కటే.) పదునాలుగవ యేటనే బాలుడు ఒంటరిగా ఆకు బేరమునకు బయలుదేరెను. ఆకును చేతబట్టి, ఇది సరిగా ఆరలేదనియు, దీనికి వేసిన ఎరువు మంచిది కాదనియు తండ్రి చెప్పినట్లే చెప్పుచుండగా రైతులు విస్తుపోయిరి. ఇంకొక వంక మేనత్త కుమారుడు ఓదాకా అత్సుతాదా యొద్ద కన్ఫ్యూషియస్ బోధలు చదువుకొనెను. సరకు నెరుగుటయు, సద్గ్రంథమును చదువుటయు ఆయనకు ఒకే ప్రాయమున అబ్బినవి.

పదునారు పదునేడేండ్ల వయసున జరిగిన ఒక అవమానము ఆయన మనసులో ములుకువలె నాటుకొనెను. ఆ సీమ ప్రభువు తన యింటి ఖర్చులకై 500 ర్యోల బంగారము ఇమ్మని ఆ కుటుంబమును ఆజ్ఞాపించెను. తండ్రి నడిగి వచ్చెదనని బాలుడు వినయముగా చెప్పినంతనే అధికారి నలుగురిలో హేళన చేసెను. కష్టించి కూడబెట్టినవాడు తలవంచి నిలువవలెను, కత్తి ధరించినవాడు తిట్టి తీసికొనిపోవలెను! ఈ యేర్పాటు నిలువరాదని ఆనాడే ఆయనకు తోచెను.

ఆ కోపము మొదట పెడదారి పట్టెను. 1863 లో ఆయన, కొందరు మిత్రులు కలిసి తాకసాకి కోటను పట్టుకొని, యొకొహామాలోని విదేశీయుల పేటకు నిప్పు పెట్టవలెనని కుట్ర పన్నిరి. తుదిక్షణమున ఒక బంధువు వారించుటచే అది ఆగిపోయెను. క్యోటోకు పారిపోయిన ఎయిచి, విధివశమున, తాను కూలద్రోయ దలచిన తొకుగావా వంశము వారి యింటనే కొలువులో చేరెను. అచ్చట హరిమా సీమ ప్రత్తిబట్ట చెల్లాచెదరుగా అమ్ముడై నేతగాండ్రకు తగిన వెల రాకుండుట గమనించి, దానినంతయు ఒక చోట కొని ఒసాకా విపణికి పంపు ఏర్పాటు చేసెను. 1867 లో పారిస్ నగరమున జరిగిన ప్రపంచ ప్రదర్శనమునకు షోగన్ తన తమ్ముని పంపగా ఎయిచి వెంట వెళ్లెను. విదేశీయుల పేటను తగులబెట్టబోయినవాడు విదేశములోనే పాఠము నేర్చుకొన వచ్చెను.

పారిస్‌లో యువరాజు బాగోగులు చూచుటకు ఇద్దరు ఫ్రెంచివారు నియమింపబడిరి. ఒకరు సైనికాధికారి, మరొకరు బ్యాంకరు. వారిరువురు సమానులవలె మాటలాడుకొనుట చూచి ఎయిచి నివ్వెరపోయెను. కోటలకంటె ఫిరంగులకంటె ఆ దృశ్యమే ఆయనకు పశ్చిమదేశముల బలమును వివరించినది. చిన్న చిన్న వాటాలుగా అనేకుల సొమ్ము చేర్చి రైలుమార్గములు వేయు విధానమును, బ్యాంకుల నడకను శ్రద్ధగా తెలిసికొనెను.

ఆయన 1868 చివర తిరిగి వచ్చునప్పటికి షోగన్ల పాలన పోయి మెయిజీ చక్రవర్తి ప్రభుత్వము నెలకొనియుండెను. 1869 లో ఆ ప్రభుత్వమున ఉద్యోగము చేపట్టి, తొమియోకా పట్టుమిల్లు స్థాపనకు పాటుపడెను. జపాను పట్టుకు ఐరోపాలో గిరాకి ఉన్నను, దారము ఎగుడుదిగుడుగా ఉండి పేరు చెడుచుండెను. ఫ్రెంచి నిపుణుడు పాల్ బ్రూనా పర్యవేక్షణలో 300 మంది ఏకకాలమున దారము తీయగల మిల్లు 1872 లో తెరవబడెను. ఎయిచికి గురువైన ఓదాకాయే దానికి మొదటి అధికారి. అయితే పనికి ఆడపిల్లలు రారైరి. ఫ్రెంచివారు త్రాగు ఎర్రని ద్రాక్షసారాయిని చూచి, వారు మనుష్యుల నెత్తురు త్రాగుదురని జనులు భయపడిరి. ఓదాకా తన కుమార్తె యూను మొదటి పనిపిల్లగా చేర్చి ఆ భయమును తీర్చెను. ఆ మిల్లు ప్రభుత్వమునకు గడించి పెట్టినది స్వల్పమే. కాని అందు పని నేర్చిన బాలికలు స్వస్థలములకు పోయి ఇతరులకు నేర్పుటచే కొత్త పద్ధతి దేశమున ప్రాకెను. పరిశ్రమ యనగా యంత్రము కాదు, చేతినుండి చేతికి సాగు విద్య.

ఆదాయవ్యయముల విషయమున పై వారితో పొసగక 1873 లో ఆయన ఉద్యోగము విడిచెను. ఆ యేడే స్థాపితమైన మొదటి జాతీయ బ్యాంకునకు పెద్ద అయ్యెను. మిత్సుబిషీ ఓడల అధిపతి ఇవాసాకీ యతారో 1878 లో ఆయనను విందునకు పిలిచి, తామిద్దరు చేతులు కలిపినచో దేశపు వ్యాపారమంతయు తమ గుప్పిట నుండునని సూచించెను. అనేకుల సొమ్ము, అనేకుల బుద్ధి చేరవలెనను ఎయిచికి ఆ మాట నచ్చలేదు. ఆయన విందు మధ్యలోనే లేచిపోయెను. పిమ్మట ఎయిచి పక్షమువారు పోటీగా మరొక ఓడల కంపెనీని పెట్టగా, కిరాయిల యుద్ధములో ఉభయులును నష్టపడిరి. ఇవాసాకీ మరణించిన 1885 లోనే ఆ రెండును కలిసి నిప్పాన్ యూసెన్ కైషా అయినవి. పోటీ యొక్క మేలును ఎరిగిన ఎయిచి దాని చేటును గూడ చవిచూచెను.

ఆయన కార్యములలో ఒసాకా నూలు కథ ప్రత్యేకముగా చెప్పదగినది. షోగన్ల కాలపు సంధుల వలన జపాను దిగుమతులపై నూటికి సుమారు ఐదు మించి సుంకము వేయజాలదు. చాటున దాగుటకు గోడ లేదు. అన్యదేశపు నూలు వెల్లువవలె వచ్చుచుండెను. ప్రభుత్వము ప్రోత్సహించిన మిల్లులు ఒక్కొక్కటి 2,000 కదుళ్లవి. ఏటి నీటి బలముపై ఆధారపడినవి. వాటికి ఎదుగుదల లేదు. ఎయిచి ఆ లోపమును గుర్తించి, లండన్‌లో బీమా శాస్త్రము చదువుచున్న యమనొబే తకెఓకు జాబు వ్రాసి నూలుపని నేర్వుమని కోరెను. ఆ యువకుడు చదువు మార్చుకొని, బ్లాక్‌బర్న్ మిల్లులో కూలీవలె పనిచేసి మెలకువలు గ్రహించి వచ్చెను. మాజీ సంస్థానాధీశుల సొమ్మును, వర్తకుల సొమ్మును వాటాలుగా చేర్చి, 10,500 కదుళ్లతో, ఆవిరి యంత్రముతో 1883 లో ఒసాకా నూలు కంపెనీ పని ప్రారంభించెను. అది లాభములు పంచుట చూచి ఒసాకా చుట్టుపట్లను, ఇతర పట్టణములలోను మిల్లులు వెలసినవి.

అమ్మకమున అవి ఒకదానికొకటి పోటీ. కాని దూరదేశపు ప్రత్తిని తెచ్చుకొనుట ఏ యొక్క మిల్లుకును శక్యము కాదు. చైనా ప్రత్తికి భారతదేశపు ప్రత్తిని కలిపి వడకుట లాభకరమని తేలినది. బొంబాయి నుండి తెచ్చు ఓడలు మాత్రము ఐరోపా కంపెనీలవి. కిరాయి వారు చెప్పినదే. 1893 లో జంషెడ్జీ టాటా జపానుకు వచ్చి ఎయిచిని కలిసికొనెను. తమ ప్రత్తిని నిప్పాన్ యూసెన్ ఓడలకే ఇచ్చునట్లు మిల్లుల సంఘము ఒడంబడిక వ్రాసెను. ఆ నవంబరున హిరోషిమా మారు అను ఓడ కోబే నుండి బొంబాయికి బయలుదేరెను. టన్నుకు పదునైదు రూపాయలకు పైబడియున్న కిరాయిని పి అండ్ ఓ కంపెనీ రెండు రూపాయల లోపునకు దించి ఆశ చూపెను. మిల్లులవారు చెదరలేదు. చవుక కిరాయికి ఆశపడి నేడు మాట తప్పినచో రేపు మరల పాత కిరాయియే చెల్లింపవలసి వచ్చునని వారెరుగుదురు. నీలిరైతుల పీటల పంతమును రేపినవాడే ఇచ్చట పంతము మాని ఒక్కటై నిలువవలసిన చోటును చూపెను.

నూలు ఎగుమతిపై సుంకము 1894 లోను, ముడి ప్రత్తి దిగుమతిపై సుంకము 1896 లోను రద్దయినవి. 1897 నాటికి జపాను నుండి వెలికి పోవు నూలు లోనికి వచ్చు నూలును మించెను. అది చేరినది ముఖ్యముగా చైనా విపణికి. ఆ విపణి అంతకుముందు బొంబాయి మిల్లులది! భారతదేశపు ప్రత్తియే జపానులో నూలై, భారతదేశపు నూలును చైనాలో వెనుకకు నెట్టెను. టాటాయు మిల్లు యజమానియే కావున ఈ బేరమున ఆయనకు లాభమెంతయో నష్టమెంతయో లెక్కించుట సులభము కాదు.

ఈ చవుక నూలునకు ఇంకొక లెక్క గలదు. ఒసాకా మిల్లులో ఆరంభము నుండియు రాత్రింబవళ్లు పని. మొదట నూనె దీపములు, 1886 నుండి విద్యుద్దీపములు. ఒకే యంత్రము రెండు వంతుల పనిచేయుటచే పెట్టుబడి త్వరగా తీరెను. ఆ రాత్రులు మేల్కొన్నవారిలో పలువురు పల్లెల నుండి వచ్చిన ఆడపిల్లలు. 1892 డిసెంబరున ఆ మిల్లు అగ్నికి ఆహుతియై తొంబది మందికి పైగా మరణించిరి. అయినను 1896 లో కార్మికుల రక్షణకు చట్టము చేయవలెనను చర్చ వచ్చినప్పుడు ఎయిచి దానికి అడ్డుపడెను. రాత్రిపని మానినచో పరిశ్రమ నిలువదని ఆయన వాదము. అనాథశరణాలయమును దశాబ్దములపాటు పోషించినవాడు, నీతియు లాభమును ఒక్క త్రోవన నడువవలెనని జీవితమంతయు బోధించినవాడు, ఇచ్చట లాభము వైపే మొగ్గెననుట తప్పదు. పిమ్మట ఒక దశాబ్దమునకు ఆయన అభిప్రాయము మారి, చట్టమునకు తరుణము వచ్చినదని అంగీకరించెను. చట్టము 1911 లో ఆమోదము పొంది 1916 లో అమలునకు వచ్చెను.

ఆ 1916 లోనే ఆయన ఉపన్యాసముల సంపుటి, కన్ఫ్యూషియస్ బోధలను లెక్కల పూసలచట్రముతో జోడించిన పేరుతో, వెలువడెను. ఆయన చేయివేసిన కంపెనీలు సుమారు 500. వేనియందును సర్వాధికారము తనకు ఉంచుకొనలేదు. ఇవాసాకీ వంశమునకువలె ఆయన వంశమునకు వ్యాపార సామ్రాజ్యము మిగులలేదు. 1929 జూలైలో జపాను మిల్లులలో స్త్రీలకు రాత్రిపని నిషేధింపబడెను. దానికి రెండేండ్ల పిమ్మట, 1931 నవంబరు 11 న, తొంబది యొక్కటవ యేట షిబుసావా ఎయిచి టోక్యోలో కన్నుమూసెను.