కుర్చీలో కూర్చునే ఆపరేషన్లు చేసిన డాక్టరమ్మ – మేరీ వర్గీస్

ఎముక విరిగితే పుత్తూరు, అంతకు మించిన కష్టం వస్తే రాయవేలూరు. తెలుగునాట పెద్దల నోట ఈ రెండు ఊళ్ల పేర్లు వినని ఇల్లు ఒకప్పుడు అరుదు. పుత్తూరు కట్టు సంగతి అందరికీ తెలిసిందే. రాయవేలూరు, అంటే నేటి వేలూరు, తమిళనాడులో ఉన్నా చిత్తూరు జిల్లాకు ఆనుకున్న ఊరే. అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆసుపత్రి వరండాల్లో తెలుగు మాట ఎప్పుడూ వినపడుతూనే ఉంటుంది. ఆ ఆసుపత్రిలో చదివి, అక్కడే పనిచేసి, అక్కడే కన్నుమూసిన ఒక వైద్యురాలి జీవితం మన పూర్వ విద్యార్థులూ గురువులూ తెలుసుకోదగ్గది. ఆమె పేరు డాక్టర్ మేరీ వర్గీస్. కాళ్లు రెండూ చచ్చుబడిన తరువాత ఆమె శస్త్రవైద్యురాలిగా పేరు తెచ్చుకున్నారు. చికిత్స ఎక్కడ పూర్తవుతుందనే ప్రశ్నకు మన దేశ వైద్యరంగంలో కొత్త సమాధానం చూపించారు.

బాల్యం, చదువు

మేరీ వర్గీస్ 1925లో కొచ్చిన్ సమీపంలోని చెరాయి గ్రామంలో పుట్టారు. కలిగిన కుటుంబం, ఇంటినిండా పిల్లలు. ఎర్నాకుళం మహారాజా కాలేజీలో చదివాక వైద్యవిద్య కోసం వేలూరు వచ్చారు.

వేలూరు కాలేజీకి అప్పటికే గొప్ప చరిత్ర ఉంది. డాక్టర్ ఐడా స్కడర్ 1900లో ఒకే ఒక్క మంచంతో అక్కడ వైద్యం మొదలుపెట్టారు. 1918లో ఆడపిల్లల కోసం వైద్య పాఠశాల తెరిచారు. మగ డాక్టరు దగ్గరికి వెళ్లడానికి ఒప్పుకోని కుటుంబాల్లో పురిటి మంచం మీద ప్రాణాలు పోతున్న రోజులవి. ఆ కాలేజీకి వచ్చే ఆడపిల్లల్లో చాలామంది లాగే మేరీ కూడా స్త్రీల వైద్యం చేయాలనే అనుకున్నారు. 1952లో ఎం.బి.బి.ఎస్. పూర్తిచేసి ప్రసూతి, స్త్రీ వ్యాధుల విభాగంలో శిక్షణకు చేరారు.

1954 జనవరి

1954 జనవరిలో ఒకరోజు యువ డాక్టర్లు కొందరు కలిసి వాహనంలో విహారానికి బయలుదేరారు. దారిలో ఆ వాహనం బోల్తా పడింది. మేరీ ముఖానికి తీవ్ర గాయాలయ్యాయి. వెన్నెముక దెబ్బతింది. ప్రాణం దక్కింది గాని నడుము కింది భాగంలో కదలికా లేదు, స్పర్శా లేదు. అప్పటికి ఆమె వయసు ముప్పై కూడా నిండలేదు.

ఇక్కడ వైద్యం తెలియనివారి కోసం ఒక మాట చెప్పాలి. విరిగిన ఎముక సరిగ్గా నిలబెట్టి కదలకుండా ఉంచితే అతుక్కుంటుంది. ఎముకకు ఆ గుణం పుట్టుకతోనే ఉంది. కట్టు కట్టేవారైనా, రాడ్డు వేసే సర్జనైనా ఆ గుణం మీద ఆధారపడే పనిచేస్తారు. వెన్నెముక లోపల ఉండే వెన్నుపాముకు ఆ గుణం లేదు. అది నలిగినా తెగినా తిరిగి మామూలుగా అతికించే విద్య ఆనాడు లేదు, ఈనాటికీ లేదు. వెన్నెముకను సరిచేసి మనిషి కూర్చోగలిగేలా చేయవచ్చు. పూర్తిగా పోయిన కదలికను మాత్రం సాధారణంగా తిరిగి తేలేము.

పైగా ఆ రోజుల్లో ఇలాంటి రోగుల ప్రాణం తీసేది అసలు దెబ్బ కంటే ఎక్కువగా తరువాత వచ్చే చిక్కులే. ఒకే పక్కన పడుకుని ఉంటే ఒత్తిడికి చర్మం కుళ్లి పుండ్లు పడతాయి. నొప్పి తెలియదు కాబట్టి ఆ పుండు ఎముక దాకా పోయినా రోగికి తెలియదు. మూత్రం నిలిచి కిడ్నీలు పాడవుతాయి. ఇంటికి పంపించడం తప్ప చేసేదేముందని చాలా ఆసుపత్రులు చేతులెత్తేసేవి. మేరీ కూడా వరుస ఆపరేషన్లు, నెలల తరబడి మంచం, ఇక డాక్టరుగా పనికిరాననే దిగులు అన్నీ అనుభవించారు.

పాల్ బ్రాండ్ చూపిన దారి

అదే ఆసుపత్రిలో డాక్టర్ పాల్ బ్రాండ్ అనే ఆంగ్లేయ సర్జన్ ఉండేవారు. 1914లో తమిళ దేశంలోని కొల్లి కొండల్లో పుట్టిన ఈయన వైద్యంలోకి రాకముందు వడ్రంగం, తాపీ పని నేర్చుకున్నారు. 1946లో వేలూరు వచ్చి, చెంగల్పట్టు కుష్ఠు ఆసుపత్రిలో రోగుల చేతులు చూశాక తన జీవితాన్ని ఆ పనికే అంకితం చేశారు.

కుష్ఠు వచ్చినవారి వేళ్లు గద్దగోళ్లలా ముడుచుకుపోవడం మన పెద్దలు చూసే ఉంటారు. మోచేతి లోపలి పక్క ఏదైనా తగిలితే జివ్వుమని లాగే నరం ఒకటి అందరికీ ఉంది. కుష్ఠు క్రిమి ఆ నరాన్ని దెబ్బతీస్తుంది. దానితో అరచేతిలోని చిన్న కండరాలు పడిపోతాయి. ముంజేతిలోని పెద్ద కండరాలు చాలావరకు బాగానే ఉంటాయి. ఈ తేడాను బ్రాండ్ పట్టుకున్నారు. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడులాంటి భాగాన్ని స్నాయువు అంటారు, డాక్టర్లు టెండన్ అంటారు. ఒక వేలిని వంచడానికి రెండు స్నాయువులుంటాయి. అందులో ఒకటి తీసినా రెండోదానితో వేలు వంగుతుంది. అలా తీసిన స్నాయువును నాలుగు పాయలుగా చీల్చి, అరచేతిలోంచి తీసుకెళ్లి, ఒక్కో పాయను ఒక్కో వేలి పక్కన కుడితే ముడుచుకున్న వేళ్లు మళ్లీ చాచుకుంటాయి. ఇలాంటి స్నాయువు మార్పిడిని బ్రాండ్, ఆయన సహచరులు కుష్ఠు రోగుల చేతులకు అనువుగా తీర్చిదిద్దారు. ఆపరేషన్ తరువాత సుమారు మూడు వారాలు పిండికట్టు ఉంటుంది. ఆ తరువాత ఫిజియోథెరపీలో కొత్త దారిన వచ్చిన స్నాయువుకు కొత్త పని నేర్పాలి. ఆ నేర్పడం లేకపోతే ఎంత గొప్ప ఆపరేషన్ అయినా దండగే.

మన ప్రాంతం వారికి దీని విలువ వేరే చెప్పనక్కర్లేదు. పత్తి తీయాలన్నా, మిరపకాయ తొడిమ తుంచాలన్నా వేలి కొస బొటనవేలిని తాకాలి. ఆ రెండూ కలవని చేతికి కూలి దొరకదు.

మేరీ మళ్లీ కూర్చోగలిగాక బ్రాండ్ ఆమెకు ఈ పని చూపించారు. పొట్ట ఆపరేషన్లు, కాన్పు ఆపరేషన్లు నిలబడి చేస్తారు. చేతి ఆపరేషన్ అలా కాదు. రోగి చేతిని చిన్న బల్ల మీద చాపితే సర్జన్ దాని పక్కన కూర్చుని చేస్తారు. కాళ్లు కదిలే సర్జన్లు కూడా దీన్ని కూర్చునే చేస్తారు. కావలసింది నిలకడైన చేతులు, చూపు, ఓపిక. ఆ మూడూ మేరీకి ఉన్నాయి. అలా చక్రాల కుర్చీలో ఆపరేషన్ గదిలోకి వెళ్లి కుష్ఠు రోగుల చేతులు బాగుచేయడం ఆమె మొదలుపెట్టారు.

వైద్యురాలికీ రోగులకూ మధ్య ఒక పోలిక ఉంది. కుష్ఠు రోగి చేతికి స్పర్శ ఉండదు. వేడి గిన్నె పట్టుకున్నా, పనిముట్టు కోసుకున్నా తెలియదు. వేళ్లు పోవడానికి పెద్ద కారణం తెలియకుండా తగిలిన ఇలాంటి దెబ్బలేనని వేలూరులో బ్రాండ్ బృందం గుర్తించింది. మేరీకి నడుము కింద స్పర్శ లేదు. ఆమె కూడా ఒకే చోట ఎక్కువసేపు ఒత్తిడి పడకుండా చూసుకోవాలి, ఒంటిని రోజూ పరీక్షించుకోవాలి. స్పర్శ లేని చోట కన్నే కాపలా కాయాలి. రోగులకు చెప్పే జాగ్రత్త ఏదీ ఆమెకు పుస్తకాల్లో చదివిన విషయం కాదు. ఆపరేషన్ చేసే డాక్టరమ్మ తమకంటే ఎక్కువ పోగొట్టుకుని కూడా పనిలో ఉన్నదని రోగులు కళ్లారా చూశారు.

పునరావాస వైద్యం

చేతులు బాగుచేస్తున్న కాలంలోనే మేరీకి ఇంకో లోటు కనిపించింది. చెట్ల మీద నుంచి పడినవారు, బావుల్లో పడినవారు, రోడ్డు ప్రమాదాల్లో వెన్ను విరిగినవారు ఆసుపత్రికి వస్తారు. ప్రాణాపాయం తప్పాక వారి గతి ఏమిటి? మంచం మీద నుంచి కుర్చీలోకి ఎలా మారాలో, మూత్రం సంగతి ఎలా చూసుకోవాలో, పుండ్లు పడకుండా ఎలా ఉండాలో, ఏ పని చేసి బతకాలో నేర్పే విభాగాలు మన దేశ ఆసుపత్రుల్లో అరుదు.

ఆ విద్య నేర్చుకోవడానికి ఆమె చక్రాల కుర్చీలోనే దేశాలు దాటారు. మొదట ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో చికిత్స, శిక్షణ పొందారు. తరువాత ఫెలోషిప్ మీద న్యూయార్క్ వెళ్లి డాక్టర్ హోవార్డ్ రస్క్ సంస్థలో చదివారు. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికులను మళ్లీ పనిలోకి తెచ్చిన అనుభవంతో ఈ వైద్యశాఖకు రూపం ఇచ్చినవారిలో రస్క్ ముఖ్యుడు. అవకాశాలన్నీ ఉన్న ఆ దేశంలో ఆమె ఉండిపోలేదు. 1962లో వేలూరు తిరిగి వచ్చారు.

1963లో క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో భౌతిక వైద్యం, పునరావాస విభాగం బాధ్యత తీసుకున్నారు. రోగులను చేర్చుకుని ఈ వైద్యం అందించిన విభాగాల్లో మన దేశంలో అదే మొదటిది. అదే ఏడాది డొరతీ క్లార్క్ విల్సన్ అనే అమెరికన్ రచయిత్రి ఆమె జీవితాన్ని ‘టేక్ మై హ్యాండ్స్’ అనే పుస్తకంగా తెచ్చారు. 1966లో రోగులు అక్కడే ఉండి శిక్షణ పొందే పునరావాస సంస్థ ప్రారంభమైంది. భారత ప్రభుత్వం 1972లో ఆమెను పద్మశ్రీతో గౌరవించింది. 1976లో ఆమె పదవీ విరమణ చేశారు. 1986లో వేలూరులోనే కన్నుమూశారు. ప్రమాదం జరిగిన నాటి నుంచి ముప్పై రెండేళ్లు బతికి, అందులో ఎక్కువ భాగం పనిలో గడిపారు. వెన్ను విరిగినవారు ఎన్నాళ్లో బతకరనుకున్న కాలంలో ఆ ముప్పై రెండేళ్లే పెద్ద పాఠం.

మనం చేయగలిగింది

ఈ జీవితం వేలూరుకే పరిమితమైన కథ కాదు. అద్దంకి మీదుగా నార్కెట్‌పల్లి రహదారి పోతుంది. మేదరమెట్ల దగ్గర చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి ఉంది. బల్లికురవ వైపు గ్రానైట్ క్వారీలున్నాయి. తాటిచెట్టు ఎక్కేవారు, ట్రాక్టర్ల మీద కూలికి వెళ్లేవారు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వెన్ను విరిగే ప్రమాదం మనకు దూరపు సంగతి కాదు.

పడిపోయిన మనిషి మెడ నొప్పి, నడుము నొప్పి అన్నా, కాళ్లు తిమ్మిరి అన్నా చంకల్లో, మోకాళ్ల కింద చేతులు వేసి ఎత్తకూడదు. కూర్చోబెట్టి ఆటో ఎక్కించకూడదు. మంటో మరో ప్రమాదమో పక్కనే ఉంటే తప్ప కదిలించకుండా 108కి ఫోన్ చేయాలి. కదిలించక తప్పకపోతే నలుగురు కలిసి తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉంచి వెడల్పాటి చెక్క మీదకు మార్చాలి. నలిగిన వెన్నుపాము ఆ తొందరపాటు ఎత్తుడులో ఇంకా దెబ్బతినవచ్చు. ఈ ఒక్క విషయం బడిలో ప్రతి పిల్లవాడికీ నేర్పితే ఎప్పుడో ఒకరి కాళ్లు దక్కుతాయి.

రెండోది, బడి గడప. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం విద్యాలయాలు అందరూ రాగలిగేలా ఉండాలి. మెట్ల పక్కన ఒక ఏటవాలు దారి, కుర్చీ పట్టేంత వెడల్పు తలుపు ఉన్న ఒక మరుగుదొడ్డి ఉంటే చక్రాల కుర్చీలో వచ్చే పిల్ల చదువు ఆగదు. ఆ దారి మనకూ అవసరమే. యాభై ఏళ్ల కిందట మెట్లు దూకుతూ ఎక్కిన మన మిత్రుల్లో కొందరు ఇప్పుడు మోకాళ్లు మార్పించుకున్నారు, కొందరు చేతికర్రతో నడుస్తున్నారు. మనలో ఇంజనీర్లున్నారు, కాంట్రాక్టర్లున్నారు, డాక్టర్లున్నారు. స్వర్ణోత్సవ గుర్తుగా శిలాఫలకంతో పాటు ఆ ఏటవాలు దారి కూడా కట్టిద్దాం.

ఎముక అతికినంత మాత్రాన, పుండు మానినంత మాత్రాన చికిత్స పూర్తయినట్టు కాదని మేరీ వర్గీస్ చూపించారు. మనిషి తిరిగి తన పనిలోకి, తన బడిలోకి, తన ఊళ్లోకి రావాలి. అందులో డాక్టరు చేసేది సగమే. మిగతా సగం ఊరు చేయాలి.