శ్మశానంలోనూ చోటు దక్కని ఆస్కార్ విజేత

హాటీ మెక్‌డానియల్ 1893లో అమెరికాలోని కాన్సాస్‌లో పుట్టారు. తల్లిదండ్రులు ఒకప్పటి బానిసలు. సినిమాల్లో ఆమెకు దక్కినవి ఎక్కువగా పనిమనిషి పాత్రలే. ‘గాన్ విత్ ద విండ్’లోనూ అదే పాత్ర. 1939లో అట్లాంటాలో ఆ సినిమా తొలి ప్రదర్శనకు నల్లజాతి నటులు వెళ్లే వీల్లేకపోయింది. 1940లో ఆ పాత్రకే ఉత్తమ సహాయ నటి ఆస్కార్ వచ్చింది. నల్లజాతికి దక్కిన మొదటి ఆస్కార్ అదే. ఆ రాత్రీ ఆమెను తోటి నటులకు దూరంగా, గోడ పక్కన వేరే బల్ల దగ్గర కూర్చోబెట్టారు.

లాస్ ఏంజిల్స్‌లో ఇల్లు కొనుక్కుంటే తెల్లవాళ్లు ఖాళీ చేయించాలని కోర్టుకెక్కారు. నల్లజాతి ఇరుగుపొరుగుతో కలిసి పోరాడి 1945లో గెలిచారు. 1952లో కన్నుమూశాక, ఆమె కోరుకున్న హాలీవుడ్ శ్మశానం తెల్లవాళ్లకు మాత్రమేనంది. 1999లో అక్కడ స్మారకం వెలిసింది. వాడకు వేరే శ్మశానం చూపించే ఊళ్లు మనకూ తెలుసు.