నీటి నడక నెరిగిన విశ్వేశ్వరయ్య

మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు నాటి మైసూరు సంస్థానమందలి ముద్దెనహళ్ళి గ్రామమున జన్మించిరి. చిన్నతనముననే తండ్రిని గోల్పోయి, పిల్లలకు పాఠములు చెప్పుకొనుచు బెంగుళూరులో చదివిరి. పిదప పూనాలో ఇంజనీరింగు విద్య ముగించి, బొంబాయి ప్రభుత్వమున ఉద్యోగమున జేరిరి.

సింధు రాష్ట్రమందలి సుక్కూరు పట్టణమునకు మంచినీరు సమకూర్చు భారము వారిపై బడెను. సింధునది నీరు బురదనీరు. దానిని వడకట్టు తొట్లు కట్టుటకు పురపాలక సంఘము కడ ధనము లేదు. విశ్వేశ్వరయ్యగారు నదీగర్భముననే బావి త్రవ్వించి, దాని అడుగునుండి నది క్రిందికి సొరంగము సాగించిరి. ఇసుకపొరలలో ఊరిన నీరు తేటపడి బావిని జేరెను. నేల లోపలి నీరు కంటికి గనబడకున్నను కదలుచునే యుండును. దాని నడకను గుర్తించినవారికి అది సేవచేయును.

1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదును ముంచివేసెను. వేలకొలది జనులు మరణించిరి. నిజాం ప్రభుత్వము కోరగా 1909లో విశ్వేశ్వరయ్యగారు అచటికి వచ్చిరి. వారు వెంటనే కట్టడములకు పూనుకొనలేదు. మొదట వాననీటి లెక్కలు పరిశీలించిరి. నగరమునకు వెలుపలనున్న శంషాబాదులో 24 గంటలలో 12.8 అంగుళముల వర్షము కురిసెను. ఎగువ చెరువులు 221 తెగిపోయెను. కావున వరదను ఎగువనే ఆపవలెనని నిశ్చయించి, మూసీ, ఈసీ నదులపై రెండు జలాశయములను, నగరమునకు భూగర్భ మురుగుకాలువలను సూచించిరి. ఆ సూచనల ననుసరించి ఉస్మాన్‌సాగరు 1920లో, శంషాబాదు చేరువనే హిమాయత్‌సాగరు 1927లో పూర్తియయ్యెను.

1955లో భారతరత్న బిరుదము నందిన ఆ మహనీయులు, నూరేండ్లు దాటి జీవించి, 1962లో స్వర్గస్థులైరి.

వరద వచ్చిన నూరేండ్లకు, 2008లో, శంషాబాదున విమానాశ్రయము వెలసెను. అట్టిచోట నేలమాళిగలు త్రవ్వువారికి వారి జీవితము ఒక హెచ్చరిక. వాననీరు మట్టిలో నింకి, రాతి నెరియలలో జేరి, పునాదిగోతిలోనికి ఊరును. తొందరపడి తోడినచో నీటితోపాటు మన్ను జారి, ప్రక్క యిండ్ల గోడలు బీటలువారును. పైకట్టడపు బరువు చాలకముందే తోడుట మానినచో, ఆ నీరే నేలమాళిగను క్రిందినుండి పైకెత్తును. కనుక నీటిమట్టమును ముందు కొలిచి, పిదప గునపము పట్టవలెను. విశ్వేశ్వరయ్యగారు జీవితమంతయు ఆచరించిన నియమ మిదియే.