మంచునేల మేటి తోర్లీఫ్ హౌగ్

దేశముల గొప్పతనము వాని వైశాల్యమును బట్టి గాని, జనసంఖ్యను బట్టి గాని నిర్ణయింపబడదు. ప్రజల పట్టుదలయు, శీలమును దానికి నిజమైన కొలతలు. ఐరోపా ఖండమునకు ఉత్తరపుటంచున నున్న నార్వే దేశ మిందుకు చక్కని నిదర్శనము. ఆ దేశము పెక్కు శతాబ్దములు డెన్మార్కుతోను, పిమ్మట 1814 మొదలు స్వీడనుతోను ముడివడి యుండి, 1905లో స్వతంత్ర రాజ్యమయ్యెను. 1924 నాటికి దాని జనసంఖ్య సుమారు 27 లక్షలు మాత్రమే. అట్టి చిన్న దేశమునకు మంచుక్రీడలలో ప్రపంచఖ్యాతి తెచ్చినవారిలో అగ్రగణ్యుడు తోర్లీఫ్ హౌగ్.

హౌగ్ 1894 సెప్టెంబరు 28వ తేదీన, డ్రామెన్ పట్టణమునకు సమీపమునగల లీయర్ అను ప్రాంతమున జన్మించెను. నార్వేలో శీతకాలము మిక్కిలి దీర్ఘమైనది. నెలల తరబడి పొలములు, అడవులు, కొండలు మంచుతో కప్పబడి యుండును. కాలు మోపినచో మోకాలిలోతు దిగబడును. అట్టి నేలపై సంచరించుటకు ఆ దేశీయులు అతి ప్రాచీన కాలమునుండి స్కీలను వాడుచున్నారు. స్కీ యనగా ముందుకొన పైకి వంగిన పొడవైన సన్నని పలక. ఆ కాలమున దానిని కొయ్యతో చేసెడివారు. పాదమున కొకటి చొప్పున రెండు పలకలను బిగించుకొని, చేతికఱ్ఱలతో నేలను నెట్టుచు, జారుచు ముందునకు పోవుదురు. దేహభారము పలక యంతట పరచుకొనుటచే మంచులో దిగబడుట యుండదు. వేట కైనను, ఇరుగుపొరుగు గ్రామములకు పోవుట కైనను పూర్వము వారికి ఇదియే సాధనము. అవసరముగా పుట్టిన ఈ విద్యయే క్రమముగా వారి జాతీయ క్రీడగా పరిణమించెను.

ఈ క్రీడలో రెండు ముఖ్య విభాగములు కలవు. మొదటిది దూరపు పరుగు. ఆ కాలమున ఇందు పోటీదారులందఱు ఒక్కుమ్మడి బయలుదేరెడివారు కారు. కొంత వ్యవధి నిచ్చి ఒక్కొక్కరినే పంపెడివారు. ఎవరికి తక్కువ కాలము పట్టినదో వారు విజేతలు. అందుచే పోటీదారుడు తన యెదుట లేని ప్రత్యర్థితో పోరాడవలసి యుండెను. రెండవది దుముకు. కొండవాలున కట్టిన ఎత్తైన తిన్నెమీదుగా వేగముతో జారివచ్చి, గాలిలోనికి ఎగిరి, దిగువ వాలుపై పడిపోకుండ దిగవలయును. దుమికిన దూరమునకును, దుమికిన తీరునకును న్యాయనిర్ణేతలు అంకె లిత్తురు. ఈ రెండింటి ఫలితములను కూర్చి నిర్ణయించునది జంటపోటీ. దూరపు పరుగునకు ఓర్పు కావలయును. దుముకునకు తెగువ కావలయును. ఈ రెండును ఒక్కని యందు కుదురుట అరుదు. హౌగ్ నందు అవి రెండును కుదిరినవి.

నార్వే రాజధానికి చేరువనున్న హోల్మెన్‌కొల్లెన్ కొండపై ఏటేట జరుగు పోటీలు ఆ దేశమున మిగుల ప్రసిద్ధములు. అచ్చటి 50 కిలోమీటర్ల పరుగులో హౌగ్ 1918 మొదలు 1921 వరకు వరుసగా నాలుగు సారులును, 1923, 1924 సంవత్సరములందును, మొత్తము ఆరు సారులు ప్రథముడయ్యెను. జంటపోటీలో 1919 మొదలు మూడేండ్లు అతనికి ఎదురులేకపోయెను. 1920లో ఆ క్రీడోత్సవమున ఇచ్చు అత్యున్నత గౌరవమైన హోల్మెన్‌కొల్లెన్ పతకము అతనికి లభించెను.

1924 జనవరి 25వ తేదీన ఫ్రాన్సు దేశమున, ఆల్ప్స్ పర్వతములలో మోబ్లాన్ శిఖరపు చెంతనున్న షమొనీ పట్టణమున అంతర్జాతీయ శీతకాల క్రీడావారము ప్రారంభమయ్యెను. పదునారు దేశములవారు అందు పాల్గొనిరి. శీతకాలమునకు ప్రత్యేకముగా ఒలింపిక్ క్రీడలు నెలకొల్పినచో తమ హోల్మెన్‌కొల్లెన్ వంటి ఉత్సవముల ప్రాభవము తగ్గునేమో యని ఉత్తర దేశీయులు మొదట సందేహించిరి. అయినను నార్వే తన బృందమును పంపెను.

జనవరి 30న 50 కిలోమీటర్ల పరుగు జరిగెను. పయనమైన వారిలో పెక్కురు నడుమనే విరమించిరి. హౌగ్ 3 గంటల 44 నిమిషముల 32 సెకండ్లలో గమ్యము చేరి ప్రథముడయ్యెను. అతని సహచరుడు తోరాల్ఫ్ స్ట్రోమ్‌స్టాడ్ రెండు నిమిషములకు లోపు తేడాతో ద్వితీయుడయ్యెను. మూడవ, నాలుగవ స్థానములును నార్వే వారివే. మూడు దినముల పిదప, ఫిబ్రవరి 2న, 18 కిలోమీటర్ల పరుగు జరుగగా దానిని సైతము హౌగ్ 1 గంట 14 నిమిషముల 31 సెకండ్లలో గెలిచెను. ఆ పరుగే జంటపోటీకి మొదటి భాగము. ఫిబ్రవరి 4న జరిగిన దుముకులతో జంటపోటీ ముగియగా అందును మొదటి నాలుగు స్థానములు నార్వేకే దక్కెను. హౌగ్ మూడవ స్వర్ణపతకమును గైకొనెను. ఆ క్రీడలందు మూడు స్వర్ణములు పొందినవారు హౌగ్, ఫిన్లండు దేశపు మంచుబిళ్లపై పరుగిడు క్రీడాకారుడు క్లాస్ థున్‌బెర్గ్, ఈ ఇరువురు మాత్రమే.

అదే దినమున ప్రత్యేకముగా దుముకు పోటీయు జరిగెను. నార్వే యువకుడు యాకోబ్ టుల్లిన్ థామ్స్ ప్రథముడు, నార్వే దేశీయుడే యగు నార్వె బోన్నా ద్వితీయుడు నైరి. మూడవ స్థానమునకు హౌగ్ పేరు ప్రకటించిరి. అతనికి వచ్చిన అంకెలు 18.000. నాలుగవ వానికి 17.916. ఆ నాలుగవ వాని పేరు ఆండర్స్ హౌగెన్. పేర్లు దగ్గరగా నున్నను వీరు వేర్వేరు వ్యక్తులు. హౌగెన్ నార్వేలో పుట్టి, అమెరికాకు వలసపోయి, ఆ దేశపు బృందమునకు నాయకుడై వచ్చినవాడు. ఆ దినమున అందఱికంటె దూరముగా, 50 మీటర్లు, దుమికినవాడు అతడే. కాని దుమికిన తీరునకు తక్కువ అంకెలు వచ్చుటచే వెనుకబడెను. హౌగ్ కాంస్యపతకమును పుచ్చుకొని స్వదేశమునకు మరలెను.

ఆ క్రీడలలో నార్వే అన్ని దేశములను మించెను. ఆ బృందముతో వెళ్లిన పదునొకండేండ్ల బాలిక సోన్యా హేనీ మంచుపై నాట్యపు పోటీలో ఎనమండుగురిలో చిట్టచివర నిలిచెను. ఆమెయే తరువాత 1928, 1932, 1936 సంవత్సరములలో వరుసగా మూడు ఒలింపిక్ స్వర్ణములు గెలిచెను. షమొనీ క్రీడలు మొదటి శీతకాల ఒలింపిక్ క్రీడలని అంతర్జాతీయ ఒలింపిక్ సంఘము అనంతరము గుర్తించెను.

1926లో ఫిన్లండు దేశపు లాహ్తి పట్టణమున జరిగిన ప్రపంచ పోటీలలో హౌగ్ జంటపోటీ యందు రజతపతకము పొందెను. పిమ్మట అతడెంతో కాలము జీవింపలేదు. 1934 డిసెంబరు 12న న్యుమోనియా వ్యాధిచే డ్రామెన్‌లో మరణించెను. అప్పటికి అతని వయస్సు నలువదేండ్లు. 1946లో ఆ పట్టణమున అతని విగ్రహమును ప్రతిష్ఠించిరి.

ఇంతటితో ఈ కథ ముగిసినదని తోచవచ్చును. కాని దీనికి మఱియొక అధ్యాయము కలదు. 1974లో, షమొనీ క్రీడలకు ఏబదియేండ్లు నిండిన సందర్భమున, నాటి నార్వే బృందములో మిగిలినవారు ఒకచోట కలిసికొనిరి. దుముకు పోటీ లెక్కలలో ఏదో పొరపాటున్నదని స్ట్రోమ్‌స్టాడ్ గుర్తించెను. ఇతడే రెండు పోటీలలో హౌగ్ వెనుక రెండవ స్థానమున నిలిచినవాడు. యాకోబ్ వోగె అను క్రీడాచరిత్రకారుడు ఆ అంకెలను మరల కూడి చూడగా పొరపాటు నిజమని తేలెను. హౌగ్‌కు రావలసిన మొత్తము హౌగెన్ మొత్తముకంటె తక్కువ. న్యాయనిర్ణేతల కూడికలోని తప్పిదము అర్ధశతాబ్దము దాగియుండెను.

ఇచ్చట ఆలోచింపవలసిన విషయ మొకటి కలదు. ఈ తప్పును కనుగొన్నవారు పతకము కోలుపోయిన దేశమువారు కారు. దానిని పొందిన దేశమువారు. వారు మౌనము వహించియున్నచో అడుగువారెవరును లేకుండిరి. తమ జాతీయ వీరుని పేరనున్న పతకము పోవునని యెఱిగియు వారు సత్యమును దాచలేదు. ఒలింపిక్ సంఘము దిద్దుబాటును అంగీకరించెను. అప్పటికి ఎనుబదియైదేండ్ల వృద్ధుడైన హౌగెన్ నార్వేకు వచ్చెను. హౌగ్ కుమార్తె తన తండ్రి పొందిన కాంస్యపతకమును స్వహస్తములతో అతనికి అందించెను.

హౌగ్ ఏ మోసమును చేయలేదు, ఇచ్చినదానిని పుచ్చుకొనెను, నిజ మెఱుగకయే కన్నుమూసెను. అతని ఋణమును అతని కుమార్తె తీర్చెను. ఆ పతకము పోయినందున హౌగ్ కీర్తి తఱుగలేదు. మూడు స్వర్ణములును అతనివే. చిన్న దేశమగు నార్వే 1924లో తన బలముచేతను, 1974లో తన నిజాయితీచేతను లోకమున మన్నన గాంచెను. గెలుచుట గొప్పయే. కాని తనది కానిదానిని తిరిగి యిచ్చుటకు గెలుపునకు మించిన గుండె నిబ్బరము కావలయును.