వేయి నవలల కొవ్వలి

ఆంధ్రదేశమున గ్రంథాలయోద్యమము ఊరూర వ్యాపించుచున్న దినములలో, గ్రంథాలయపు గడప యెన్నడును తొక్కని వేలాది జనులచేత పుస్తకము పట్టించిన రచయిత యొకరు బయలుదేరిరి. ఆయనయే కొవ్వలి లక్ష్మీనరసింహరావుగారు. పండితులు ఆయనను తమ పంక్తిలో కూర్చుండబెట్టలేదు. పాఠకులు మాత్రము నలుబది యేండ్లు ఆయనను విడిచిపెట్టలేదు.

కొవ్వలివారు 1912వ సంవత్సరము జూలై 1వ తేదీన, నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని తణుకులో జన్మించిరి. కందుకూరి వీరేశలింగము పంతులుగారి సంస్కరణోద్యమముచేత గోదావరీ తీరము అప్పటికే కదలియుండెను. వితంతువుల దుఃస్థితి, బాల్యవివాహములు, వరకట్నము, వేశ్యావృత్తి అను విషయములు సభలలోనే గాక ఇండ్ల అరుగులమీద గూడ చర్చకు వచ్చుచుండెడివి. బాల్యవివాహములను నిషేధించిన శారదా చట్టము 1930లో అమలులోనికి వచ్చునప్పటికి ఆయన నూనూగు మీసముల ప్రాయమున నుండిరి. యౌవనమున దేశాటనము చేసి పలుతెరగుల మనుష్యులను చూచిరి. ఆ చూచిన బ్రతుకులే తరువాత నవలలకు ముడిసరకు లయ్యెనని చెప్పుదురు.

తెలుగు నవల 1878 నాటి 'రాజశేఖర చరిత్రము'తో నడక నేర్చి, వంగ భాషానువాదములతో బలము పుంజుకొన్నది. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తువారి పోటీలో విశ్వనాథ సత్యనారాయణగారి 'వేయిపడగలు', అడివి బాపిరాజుగారి 'నారాయణరావు' బహుమతిని పంచుకొన్నవి. అవి పెద్ద గ్రంథములు. వానిని చదువుటకు తీరిక కావలెను, భాషాజ్ఞానము కావలెను, కొనుటకు ధనమును కావలెను. ఈ మూడును లేనివారికి ఏమి పుస్తక మున్నది? ఆ ప్రశ్నకు సమాధానము వలె 1935 ప్రాంతమున కొవ్వలివారి చిన్న నవలలు వెలువడజొచ్చినవి.

ఆ నవలల తీరు సులభము. పుట లెక్కువ లేవు. ఒక్క కూర్చుండుటలో ముగియును. వెల కొలది అణాలు. వాడుకలోని మాటలు. కథలో ఒక ప్రేమ, దానికొక అడ్డు, నడుమ నొక మోసము, ఒక ఎడబాటు. దిక్కులేని యాడుది యేమగునో, మాట యిచ్చినవాడు తిరిగి వచ్చునో రాడో యను ఆదుర్దా పాఠకుని చివరి పుటవరకు లాగుకొని పోవును. రైల్వేస్టేషనులలో విరివిగా అమ్ముడుపోవుటచేత వీనికి రైలు నవలలను పేరు వచ్చెను. బండి యెక్కునప్పుడు కొని, దిగునప్పటికి ముగించి, ప్రక్కవాని కిచ్చి పోవుట పరిపాటి.

మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతములు 1970 వరకు కర్నూలు జిల్లాలోనివి. గుంటూరునుండి దొనకొండ, మార్కాపురము రోడ్డు, కంభము, గిద్దలూరుల మీదుగా నల్లమల కొండలు దాటి నంద్యాలకు పోవు దారి ఆనాడు మీటరుగేజి. బండి నెమ్మదిగా నడచెడిది. అట్టి ప్రయాణములో చేతిలోని చిన్న నవల యెంత తోడో అనుభవించినవారికే యెరుక. మార్కాపురపు పలకమీద అక్షరములు దిద్దిన బిడ్డలు దేశమున నెందరో కలరు. అక్షరములు నేర్చుట యొక మెట్టు. నేర్చిన యక్షరములు మరువకుండ చదువుచుండుట రెండవ మెట్టు. పలక విడిచి బడి మానినవారిని ఆ రెండవ మెట్టు ఎక్కించుటకు ఇట్టి పుస్తకములే యెక్కువ అక్కరకు వచ్చినవి.

అందులో స్త్రీల సంగతి ముఖ్యముగా చెప్పవలసియున్నది. బడి చదువు నాలుగైదు తరగతులతో ఆగిపోయిన గృహిణులు, పగటి పనులు ముగిసిన పిమ్మట దీపము వెలుగున కొవ్వలివారి నవలలు చదివిరి. పెద్దలు చూడకుండ పుస్తకమును కొంగుచాటున దాచినవారు గలరు. తమ యింటి బాధవంటి బాధ అచ్చులో కనబడుట వారికి క్రొత్త. ఆయన కథలలో కష్టపడు స్త్రీ కేవలము ఏడ్చునది గాదు. మోసమును గుర్తించి నిలదీయు నాయికలును గలరు.

నింద లేకపోలేదు. ఈ నవలలు యువతను చెడగొట్టుననియు, వీనియందు భాష లేదనియు, శిల్పము లేదనియు విమర్శకులు పలికిరి. విమర్శ యంతయు అన్యాయము గాదు. నలుబది యేండ్లలో వేయి నవలలన్నచో సగటున నెలకు రెండు. అంత వేగమున వ్రాసినప్పుడు ఒకే కథ వేషము మార్చి తిరిగివచ్చుట తప్పదు. మెరుగు పెట్టుటకు వ్యవధియు నుండదు. కాని చదువరులు చేయి చాచుచుండగా కలము నిలుపుట ఆయనకు సాధ్యము గాలేదు. ఆయనతో పాటు జంపన చంద్రశేఖరరావుగారును ఇదే మార్గమున పేరు పొందిరి. కొవ్వలి, జంపన యను జంటపేర్లు ఒక తరము నోట నానినవి. కొవ్వలివారు చలనచిత్రములకు గూడ కథలు సమకూర్చిరి.

కాలము మారెను. 1950 తరువాత కొమ్మూరి సాంబశివరావు, టెంపోరావుగార్ల అపరాధ పరిశోధక నవలలు వచ్చి ఉత్కంఠకు క్రొత్త రూపము నిచ్చినవి. 1960 తరువాత యద్దనపూడి సులోచనారాణి మొదలగు రచయిత్రులు ప్రేమకథను వారపత్రికల లోనికి, మధ్యతరగతి యిండ్లలోనికి కొనిపోయిరి. ఈ యిరువురి పాఠకులను ముందుగా సిద్ధపరచినవారిలో కొవ్వలి యొకరు. ఆయన మాత్రము ఆగలేదు. వేయవ నవల 'మంత్రాలయ', ఆ పైది 'కవి భీమన్న'. 1975 జూన్ 8వ తేదీన ఆయన కన్నుమూసిరి.

వేయి నవలలు వ్రాసినవాని పుస్తకములు నేడు వెదకినను దొరకుట అరుదు. చౌక కాగితము, పలుచని అట్ట. చేతులు మారి మారి చినిగినవి చినిగినవి, చెదలు తిన్నవి తిన్నవి. గౌరవనీయములు గావని అనేకులు వానిని భద్రపరచలేదు. చదువక పదిలముగా నున్న పుస్తకము బీరువాలో మిగిలినది; అందరును చదివిన పుస్తకము అరిగి మాయమైనది. ఏ గ్రామములోనైన ఏ పాత పెట్టెలోనైన కొవ్వలివారి నవల యొకటి కనబడినచో, దానిని తూకమునకు వేయక, అట్ట కట్టి గ్రంథాలయమున కిచ్చుట ఆయనకు చెల్లింపదగిన ఋణము.