దోర్నకల్ అధ్యక్షుడు అజరయ్యగారు: ఇంటిలోను పనిలోను

చదువవలసిన వాక్యభాగములు: ఎఫెసీ 5:21 – 6:9, కొలొస్సయి 3:18 – 4:1, ఫిలేమోను పత్రిక



పై వాక్యభాగములలో మొదటిది మన సంఘములలో పెండ్లినాడు తరచుగా చదువబడును. అయితే మేము గమనించినంతవరకు, వినువారి మనస్సులో నిలుచునది అందులో సగమే. భార్య లోబడియుండవలెనను మాట పురుషులందరికి కంఠస్థము. భర్త తన భార్యకొరకు క్రీస్తువలె తన్నుతాను అప్పగించుకొనవలెనను మాట ఎక్కడున్నదని అడిగినచో తల గోకికొందురు. పనివాడు విధేయుడై యుండవలెనని పనిపెట్టువానికి బాగుగా జ్ఞాపకము. యజమానుడు బెదిరించుట మానవలెనని ఆ వెంటనే వ్రాయబడిన సంగతి మాత్రము మరపునకు వచ్చును. పౌలు ఈ మాటలను జంటలుగా కూర్చెను. జతలో ఒక ఎద్దును విప్పివేసి రెండవదానితోనే దున్నుటకు మన రైతులలో ఎవరును పూనుకొనరు గదా!

ఈ రెండు సగములను కలిపి జీవింప ప్రయత్నించిన ఒక దైవజనుని చరిత్రను ఈ నెల మీ యెదుట పెట్టుచున్నాము. ఆయన వేదనాయకం సామ్యూల్ అజరయ్యగారు. దోర్నకల్ మొదటి అధ్యక్షుడు. మన కరీంనగర్ అధ్యక్ష మండలము 1978లో ఏర్పడకమునుపు మన పెద్దలు దోర్నకల్ మండలములోనివారే. కనుక ఈ పేరు మన ముసలివారికి క్రొత్తది కాదు. పిల్లలకు మాత్రము చెప్పవలసియున్నది.

ఆయన పుట్టుకచేత తెలుగువాడు కాడు. 1874 ఆగస్టు 17న తమిళదేశములోని తిరునెల్వేలి ప్రాంతమున వెల్లాలన్‌విళై అను పల్లెలో జన్మించెను. తండ్రి తోమా వేదనాయకంగారు ఆ పల్లె సంఘమునకు కాపరి. తల్లి పేరు ఎలెన్. పల్లె కాపరి యింటిలో పెరుగుట యెట్టిదో మాకు తెలియును. బియ్యము తక్కువ, వచ్చిపోవువారు ఎక్కువ. 1889లో తండ్రి మరణించునప్పటికి బాలునికి పదునైదేండ్లు. ఆ తరువాత పెంపకభారమంతయు తల్లిమీద పడెను. తిరునెల్వేలిలోను, పిమ్మట మద్రాసు క్రైస్తవ కళాశాలలోను చదివి, బి.ఏ. పట్టము పుచ్చుకొనకయే 1895లో వై.ఎం.సి.ఏ. సేవలో ప్రవేశించి, యౌవనస్థుల మధ్య దక్షిణదేశమంతట తిరుగుచు పదునాలుగేండ్లు పనిచేసెను.

1898లో ఆయనకు వివాహమాయెను. వధువు అన్బు మరియమ్మాళ్. ఆ కాలమున దక్షిణదేశమందు కళాశాల మెట్టెక్కిన క్రైస్తవ స్త్రీలు బహు కొద్దిమంది. ఆమె వారిలో ఒకరు. చదువుకొని ఉద్యోగములో నున్న వరునికి ఆ దినములలో కట్నము ఎంత పలుకునో ఊహించుకొనవచ్చును. అజరయ్యగారు కట్నము పుచ్చుకొనలేదు. ఆడంబరము లేకుండ పెండ్లి జరిగెను. బంధువులకు ఇది రుచించియుండునని మేము అనుకొనము. కట్నము వద్దనుట ఆడపిల్లవారికి సంతోషముగాని, మగపిల్లవానివైపు పెద్దలకు అది తల కొట్టివేసినట్లుండును.

ఇక్కడ కొంచెము ఆగి మన సంగతి మాటలాడుకొందము. జగిత్యాల, కోరుట్ల ప్రాంతములలో పెండ్లిచూపులకు వచ్చినవారు పిల్లకు వాక్యము తెలియునా అని అడుగుట మేము తక్కువగా వింటిమి. పిల్లకు బీడీల పని వచ్చునా, పి.ఎఫ్. ఉన్నదా అని అడుగుట ఎక్కువగా వింటిమి. పిల్లవాడు దుబాయి వెళ్ళుటకు వీసా డబ్బు కావలెననియు, అది కట్నముక్రింద కలుపుమనియు చెప్పుదురు. తండ్రి పసుపు అమ్మినది చాలక చేను కుదువబెట్టును. ఆ మరునాడే మమ్మును పిలిచి ఎఫెసీ అయిదవ అధ్యాయము చదువుమందురు! క్రీస్తు సంఘమును ప్రేమించి దానికొరకు తన్నుతాను ఇచ్చివేసెను. కట్నము పుచ్చుకొని భార్యను తెచ్చుకొనువాడు ఆ అధ్యాయమును తలక్రిందుగా పట్టుకొని చదువుచున్నాడు.

మరల చరిత్రకు వత్తము. ఆయనకు అమెరికా దేశస్థుడైన షెర్వుడ్ ఎడ్డీ అను సహోద్యోగి యుండెను. తెల్లవాడును నల్లవాడును ఒకే పనిలోనున్నను ఒకే బల్లయొద్ద కూర్చుండుట అరుదైన ఆ దినములలో వీరిద్దరు అన్నదమ్ములవలె మెలగిరి. 1902లో అజరయ్యగారు సింహళమందలి యాఫ్నాకు వెళ్ళి, అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో సువార్తికులను పంపుచుండుట చూచెను. తన దేశస్థులు ఎందుకు అట్లు చేయరాదను ప్రశ్న ఆయనను పట్టుకొనెను. మరుసటి ఏడు, అనగా 1903లో, తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సంఘము పుట్టెను. 1905 క్రిస్మసు దినమున శ్రీరాంపూరులో జాతీయ మిషనరీ సంఘము స్థాపింపబడినప్పుడును ఆయన ముందు నిలిచెను. తిరునెల్వేలివారు ఎన్నుకొన్న పొలము నైజాము రాజ్యములోని దోర్నకల్ ప్రాంతము, సింగరేణి గనులకు రైలుమార్గము చీలు చోటు.

ఇతరులను పొండని చెప్పుట సులభము. 1909లో ఆయన తన పెద్ద ఉద్యోగమును విడిచి, గురువుగా అభిషేకము పొంది, తానే దోర్నకల్‌కు వచ్చెను. అప్పటికి ముప్పదియైదేండ్లు. తెలుగు అక్షరములు దిద్దుకొనుటతో పని మొదలాయెను. మొదట నివాసము గుడారము. చదువుకొన్న స్త్రీయైన అన్బు మరియమ్మగారు పిల్లలతో ఆ అడవిసీమకు వచ్చి, తెలియని భాష మాటలాడు మాల మాదిగ స్త్రీల మధ్య కాపురము పెట్టెను. అజరయ్యగారి చరిత్ర వ్రాయువారు ఈ సంగతిని ఒక పంక్తిలో దాటిపోదురు. మాకు అది న్యాయముగా తోచదు. మండలమంతయు ఎడ్లబండిమీద తిరుగు మనుష్యుని ఇల్లు ఎవరి చేతులమీద నిలిచినదో వేరుగా చెప్పవలెనా? నలుగురు కుమారులు, ఇద్దరు కుమార్తెలు గల సంసారమును నడుపుచునే ఆమె దోర్నకల్‌లో స్త్రీల మధ్య సేవను కట్టెను. గురువులగుటకు చదువవచ్చిన పురుషులు తమ భార్యలను వెంట తెచ్చుకొనిరి. ఆ భార్యలకును చదువు, శిశుపోషణ, వాక్యము నేర్పబడెను. ఆ యేర్పాటులో ఆమె చేయి పెద్దది. ఒక కుటుంబమును పిలిచితిమని అధ్యక్షుడు తలంచెనేగాని, ఒక జీతగాని తెచ్చుకొంటిమని తలంపలేదు.

1910 జూను నెలలో స్కాట్లండు దేశపు ఎడింబరో పట్టణమున లోకమంతటి మిషనరీల మహాసభ కూడెను. సుమారు 1,200 మంది ప్రతినిధులలో ఆసియా సంఘములవారు ఇరువదిమంది కూడ లేరు. విదేశీ మిషనరీకిని దేశీయ పనివానికిని గల సంబంధమును గూర్చి మాటలాడుమని అజరయ్యగారిని కోరిరి. అది మర్యాదగా నాలుగు పొగడ్తలు పలికి దిగిపోవుటకు వీలైన సమయము. ఆయన అట్లు చేయలేదు. మిషనరీలు చేసిన త్యాగములను మనఃపూర్వకముగా ఒప్పుకొనెను. బీదలకు అన్నము పెట్టిరి, ప్రాణములను సహితము ఇచ్చిరి, నిజమే. అయితే వారు జీతమిచ్చువారుగాను, భారతీయుడు జీతము పుచ్చుకొను నౌకరుగాను మాత్రమే యున్నంతకాలము సంఘమునకు ఆత్మగౌరవము పెరుగదని చెప్పెను. ఏండ్లతరబడి కలిసి పనిచేయుచును ఒకరి యింట ఒకరు భోజనము చేయని స్థితిని కప్పిపుచ్చకుండ చూపెను. తన జనులకు ప్రేమ కావలెననియు, స్నేహితులు కావలెననియు అడిగి ముగించెను. కొందరు చప్పట్లు కొట్టిరి. కొందరికి కోపము వచ్చెను. ఆ సభలో పలుకబడిన వేలాది మాటలలో నేటివరకు లోకము జ్ఞాపకముంచుకొన్నది ఎక్కువగా ఈ ప్రసంగమునే.

పౌలు ఫిలేమోనుకు వ్రాసినదియు ఇదే గదా! ఒనేసిము తిరిగివచ్చి పని మానుకొనవలెనని అతడు వ్రాయలేదు. అతనిని దాసునిగాక ప్రియ సహోదరునిగా చేర్చుకొమ్మని వ్రాసెను. పని ఉండును, కూలి ఉండును, లెక్క ఉండును. కాని కూలి లెక్క ముగిసినచోటనే సంబంధమును ముగించుకొనినచో అక్కడ క్రీస్తు లేడు. సిరిసిల్లలో సాంచాలు నడిపించు ఆసామికిని, చుట్టిన బీడీలలో కొన్నిటిని బాగులేవని తీసివేసి కూలి కోయువానికిని, నాట్లకు ఆడకూలీలను పిలిచి సాయంకాలము రేపు రమ్మని పంపు రైతుకును ఇది వర్తించును. వారు క్రైస్తవులైనచో మరింత వర్తించును. పనివారికిని ఒక మాట కలదు. యజమానుడు చూచుచున్నంతసేపు ఒక తీరు, తిరిగి చూచినప్పుడు మరియొక తీరు పనికిరాదని ఆ అధ్యాయములోనే యున్నది.

1912 డిసెంబరు 29న కలకత్తా సెంటుపాల్ దేవాలయమున అజరయ్యగారు అధ్యక్షుడుగా అభిషేకింపబడెను. ఆంగ్లికన్ సంఘమున ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనయే. ఆటంకములు లేకపోలేదు. భారతీయుని చేతిక్రింద తెల్లవారు పనిచేయుదురా అని దొరలు సందేహించిరి. మన దేశీయులలోను కొందరు ఆయన కులమును బట్టి గొణిగిరి. తరువాతి కాలమున మండలము పెద్దదైనప్పుడు యూరోపు మిషనరీలును ఆయన అధికారముక్రిందికి వచ్చిరి. ఇప్పుడు జీతమిచ్చు చేయి ఆయనదే! ఎడింబరోలో అడిగిన స్నేహమును ఇప్పుడు ఇయ్యవలసినవాడు తానాయెను. అధికారము చేతికి వచ్చినప్పుడే మనుష్యుడు బయటపడునని మన పల్లెలలో అందరికి తెలియును. మొదట సందేహించిన మిషనరీలలో అనేకులు ఆయనను తండ్రివలె గౌరవించిరి. ఆయన మెత్తని మనిషి యని చెప్పలేము. క్రమశిక్షణలో గట్టివాడు, తన అధికారమును విడువనివాడు. అయినను పల్లె ఉపదేశకుని గుడిసెలో కూర్చుండి అతని కష్టము వినుటకు ఆయనకు తీరిక దొరకుచుండెను.

దోర్నకల్ సంఘములోనివారు ఎక్కువమంది మాలలు, మాదిగలు. భూస్వాముల చేలలో తరతరములుగా వెట్టి చేసినవారు. మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నాలుగు శత్రువులతో అధ్యక్షుడు ఎడతెగక పోరాడెను. ఇవి నాలుగును ఇంటిలోపలి శత్రువులే. త్రాగివచ్చినవాడు మొదట కొట్టునది భార్యను. అప్పు చేసినవాడు మొదట కుదువబెట్టునది కుమారుని. బాప్తిస్మము పొందినవారు తమ తలపై చేయి యుంచుకొని, సువార్త ప్రకటింపకున్న తమకు శ్రమయని పౌలు కొరింథీయులకు వ్రాసిన భావమును ఒప్పుకొనునట్లు చేయుట ఆయన అలవాటు. ఏటేట సాక్ష్యపు వారము జరుగుచుండెను. చదువు రాని కూలీలు ప్రక్క గ్రామములకు నడిచి వెళ్ళిరి. అయితే 1930 తరువాతి యేండ్లలో శూద్ర కులములవారు వేలకొలది సంఘములోనికి వచ్చుటకు ప్రసంగముకంటె బలమైన కారణము మరియొకటి యుండెను. తమ చేలలో పనిచేయు మాల మాదిగలు త్రాగుడు మానిరి, తగవులు తగ్గించుకొనిరి, నమ్మకముగా పనిచేయుచున్నారు, ఆదివారము శుభ్రముగా గుడికి పోవుచున్నారు. కూలివాని బ్రతుకును చూచి రైతు క్రీస్తును గూర్చి అడిగెను. అజరయ్యగారి చివరి సంవత్సరములకు మండలములో బాప్తిస్మము పొందినవారు రెండు లక్షలు దాటిరి. నూరుమందికి పైగా దేశీయ గురువులు, వారికంటె ఎన్నో రెట్లు గ్రామోపదేశకులు పనిలో నుండిరి.

మాల మాదిగల నడుమనున్న గోడ మాత్రము ఆయనకు చివరివరకు నొప్పి కలిగించెను. ఒకే పాత్రలో త్రాగి, గుడి బయటికి వచ్చి వేరు వేరు గూడెములకు పోయి, పిల్లలను ఇచ్చిపుచ్చుకొనుట లేదనిరి. నేడును మన సంఘములలో ఎన్ని పెండ్లిండ్లు ఆ గోడను దాటినవో వ్రేళ్లమీద లెక్కించుకొనుడి.

దోర్నకల్‌లోని ప్రత్యక్షతా దేవాలయమును చూచినవారు మీలో కొందరుందురు. గుడి స్తంభములు, మసీదు గుమ్మటములు కలిసిన ఆ కట్టడము పూర్తియగుటకు ఇరువది యేండ్లకు పైగా పట్టెను. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగెను. కానుకలో పిడికెడు బియ్యము, కోత పండుగ ధాన్యము, కోళ్లు, గ్రుడ్లు ఇచ్చుట ఆయన తన జనులకు నేర్పెను. ఇంటి యిల్లాలు వంటకు కొలిచిన బియ్యములోనుండి పిడికెడు తీసి కుండలో వేయుట భర్త చేతికి రాని కానుక. స్త్రీ తన చేతితో దేవునికి ఇచ్చునది. మా సంఘములలో ఆ కుండలు ఇప్పుడు అటకమీద కలవు.

సంఘములన్నియు ఒకటి కావలెనని 1919లో తరంగంబాడిలో మొదలైన మాటలాడుకొనుటలో ఆయన ముఖ్యుడు. వేరు వేరు మిషనులు విదేశములనుండి తెచ్చిన తగవులను తెలుగు పల్లెలోని అన్నదమ్ములు ఎందుకు మోయవలెనని ఆయన వాదన. ఆ ఐక్యత 1947 సెప్టెంబరు 27న మద్రాసులో నెరవేరెను. ఆయన దానిని చూడలేదు. పర్యటననుండి జ్వరముతో ఇల్లు చేరి, 1945 జనవరి 1న, నూతన సంవత్సర దినమున, దోర్నకల్‌లో ప్రభువునందు నిద్రించెను. ఆ దేవాలయము ప్రక్కనే సమాధి చేసిరి. నలువదియారు సంవత్సరములు తోడుగా నడిచిన అన్బు మరియమ్మగారు అప్పటికి జీవించియుండెను.