ఆక్స్‌ఫర్డ్ చదివిన రైతుబిడ్డ: ఆచార్య రంగా

వరంగల్లు వ్యవసాయ పరిశోధనా స్థానానికి విత్తనాల కోసమో, తెగుళ్ళ మందు అడగడానికో పోయినవాళ్ళకు 2014 దాకా బోర్డు మీద ఒక పేరు కనిపించేది. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం. తెలంగాణ ఏర్పడ్డాక మన వైపు ఆ బోర్డు మారింది, ఆచార్య జయశంకర్ పేరు వచ్చింది. 2016లో కొత్త జిల్లాలు పెట్టినప్పుడు భూపాలపల్లి జిల్లాకు కూడా ఆయన పేరే ముందు చేర్చారు. జయశంకర్ మన ఆత్మకూరు దగ్గర అక్కంపేటలో పుట్టినవాడు. ఆయన్ని మనం ఎరుగుదుం. మరి ఆ పాత బోర్డు మీది మనిషి ఎవరు?

జనగామలో జరిగిన వ్యవసాయ కార్మికుల తరగతిలో ఒక పిల్లగాడు ఈ ప్రశ్న అడిగిండు. ఒకరు రైతు నాయకుడన్నారు. ఒకరు కాంగ్రెసాయన అన్నారు. మానుకోట నుంచి వచ్చిన పాత కార్యకర్త ఒకాయన, భూసంస్కరణలకు అడ్డం తిరిగిన మనిషన్నాడు. మూడూ నిజమే. ఒకే మనిషిలో ఈ మూడూ ఎట్లా ఇమిడినయో తెలుసుకోవాలి. ఇది ఒక్క రంగా కథ కాదు. రైతు అనే పెద్దమాట వెనక కూలి మనిషి ఎట్లా కనబడకుండ పోతడో చెప్పే కథ.

నిడుబ్రోలు నుంచి సీమకు

గోగినేని రంగనాయకులు 1900 నవంబరు 7న గుంటూరు సీమలో, పొన్నూరును ఆనుకొని ఉన్న నిడుబ్రోలులో పుట్టాడు. కమ్మ రైతు కుటుంబం. ఆ ప్రాంతపు సంగతి మన ప్రాంతం లాంటిది కాదు. 1855 నాటికే బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టారు. కాలువల నీళ్ళు పారినయి. వరి పండింది. తిండికి పోను మిగిలిన ధాన్యం బజారులో అమ్ముకునే రైతు తయారైండు. నాలుగు రూకలు మిగిలిన ఇండ్లల్లో పిల్లల్ని పెద్ద చదువులు చదివించాలనే కోరిక పుట్టింది.

అదే కాలంలో మన దిక్కు నిజాం రాజ్యం. దేశ్‌ముఖుల గడీలు, వెట్టిచాకిరీ. గడీ ముందు నుంచి పోవాలంటే చెప్పులు చేతపట్టుకొని నడవాల్సిన రోజులు. జనగామ తాలూకాలో కూలి బిడ్డ బడి మొగం చూడటమే గగనం. అందుకే నిడుబ్రోలు నుంచి ఒక రైతుబిడ్డ సీమకు పోయి చదివిండంటే అది అతని తెలివి ఒక్కటే కాదు. ఆ కృష్ణ కాలువ నీళ్ళు కూడా అతన్ని మోసుకపోయినయి. ఆ పొలాల్లో నాట్లు వేసిన, కోతలు కోసిన మాల మాదిగ కూలీల చెమట కూడా మోసుకపోయింది.

గుంటూరు ఏ.సి. కాలేజీలో చదివి రంగా ఇంగ్లండు వెళ్ళాడు. ఆ రోజుల్లో సీమకు పోయే మనవాళ్ళలో చాలామంది ఐ.సి.ఎస్. ఉద్యోగానికో, బారిష్టరు పట్టాకో పోయేవారు. రంగా అర్థశాస్త్రం పట్టుకున్నాడు. 1926లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆయనకు బి.లిట్ పట్టా ఇచ్చింది. బి.లిట్ అంటే పుస్తకం బట్టీపట్టి పరీక్ష రాసే చదువు కాదు. ఒక ప్రశ్న ఎత్తుకోవాలి, దానికి లెక్కలు కూడబెట్టాలి, గ్రంథం రాయాలి, పరీక్షించేవాళ్ళ ముందు దాన్ని నిలబెట్టుకోవాలి.

భారత గ్రామాల ఆర్థిక వ్యవస్థ మీద ఆయన రాసిన పుస్తకం మొదటి భాగం 1926లో, రెండో భాగం 1929లో వచ్చినయి. మొదటి భాగానికి వస్తువు డెల్టా గ్రామాలే. 1930లో చేనేత ఆర్థిక పరిస్థితుల మీద మరో పుస్తకం రాశాడు. తెల్లదొరల యూనివర్సిటీకి పోయినవాడు మన ఊళ్ళ మీదనే దృష్టి పెట్టిండు. ఇది చిన్న సంగతి కాదు. అప్పటిదాకా ఊరి లెక్క అంటే కరణం లెక్క, సర్కారు శిస్తు లెక్క. సేద్యం చేసేవాడికి ఎంత ఖర్చు పడుతున్నది, ఎంత మిగులుతున్నది, షావుకారుకు ఎంత పోతున్నది అని లెక్కగట్టి అచ్చువేయడం ప్రజల చేతికి ఆయుధం ఇచ్చినట్టే.

లెక్క ఉద్యమమైంది

తిరిగివచ్చి మద్రాసు పచ్చయ్యప్ప కాలేజీలో ఆచార్యుడుగా పనిచేశాడు. కాని కాలేజీ గోడల మధ్య ఎక్కువకాలం ఉండలేదు. ఆయన జిల్లాలోనే, ఆయన చదువుకునే కాలంలోనే, 1922లో పెదనందిపాడు రైతులు సర్కారుకు పన్ను కట్టం పొమ్మన్నారు. పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వాన సాగిన ఆ పోరాటపు వేడి ఇంకా చల్లారలేదు. ఇంతలో కృష్ణా గోదావరి జిల్లాల్లో సర్కారు శిస్తును నూటికి పద్దెనిమిదిన్నర పైచిలుకు, అంటే రూపాయికి మూడణాల చొప్పున పెంచింది. అది చాలదన్నట్టు 1929 తర్వాత ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం. ధాన్యం ధర పడిపోయింది. శిస్తు తగ్గలేదు, వడ్డీ తగ్గలేదు. రైతు నడ్డి విరిగింది.

ఇక్కడ రంగా చదువు పనికొచ్చింది. శిస్తు అన్యాయమని ఊరికే అరవలేదు, లెక్కలతో నిలదీశాడు. 1930లో కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యాడు. రైతు సంఘాలు కట్టాడు. వెంకటగిరి జమీందారీలో రైతుల పక్షాన నిలబడ్డాడు. నిడుబ్రోలులో రైతు విద్యాలయం పెట్టి, శిస్తు అంటే ఏమిటి, జమీందారీ చట్టం ఏమంటుంది, సంఘం ఎట్లా నడపాలి అని కార్యకర్తలకు పాఠాలు చెప్పించాడు. ఆక్స్‌ఫర్డులో నేర్చింది నిడుబ్రోలులో పంచిపెట్టిండన్న మాట. మనం పెట్టుకునే తరగతులకు అటువంటి బడులే పూర్వీకులు. ఈ మేలును మరిచిపోకూడదు.

1935లో దక్షిణ భారత రైతు, వ్యవసాయ కార్మిక సమాఖ్య ఏర్పడినప్పుడు రంగా ప్రధాన కార్యదర్శి, ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ సహాయ కార్యదర్శి. 1936 ఏప్రిల్ 11న లక్నోలో అఖిల భారత కిసాన్ సభ పుట్టింది. బీహారు రైతుల నాయకుడు స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షుడు, మన రంగా ప్రధాన కార్యదర్శి. శిస్తులు, కౌళ్ళు సగానికి తగ్గించాలి, అప్పుల వసూలు ఆపాలి, కౌలుదారుకు భద్రత ఉండాలి, వ్యవసాయ కూలీకి బతకగలిగే కూలి రావాలి. ఆనాటి కోర్కెలివి. ఇందులో ఎన్ని తీరినయో మీరే చెప్పండి.

ఆంధ్రలో రైతు రక్షణ యాత్ర ఇచ్ఛాపురంలో మొదలై తొమ్మిది జిల్లాలు తిరిగింది. 130 రోజులు, 1500 మైళ్ళ నడక. రెండువేల మందికి పైగా నడిచారు. దారిపొడుగునా వందల సభలు పెట్టి, 1100 పైచిలుకు అర్జీలు కూడగట్టి, 1938 మార్చి 27న మద్రాసులో శాసనసభకు అందజేశారు. ఆ ఊపుతోనే ప్రకాశం పంతులు అధ్యక్షతన జమీందారీ విచారణ సంఘం పనిచేసింది. 1948లో మద్రాసు రాష్ట్రంలో జమీందారీల రద్దు చట్టం వచ్చింది.

కూలి సంగతి ఏమైంది?

ఇక్కడే అసలు చిక్కు. జమీందారు పోయిండు, భూమి ఎవరికి వచ్చింది? పట్టా హక్కున్న రైతుకు వచ్చింది. ఆ రైతు చేలో పొద్దంతా వంగి పనిచేసిన కూలికి రాలేదు.

రంగా రైతుకూలీ రాజ్యం కావాలన్నాడు. మాట గొప్పదే. కాని ఆ మాటలో రైతు ముందుండి నడిపితే కూలి వెనక నడవాలన్నది లోపల దాగి ఉంది. పల్లె అంతా ఒక్కటి, పట్నం దాన్ని దోస్తున్నది అనేది ఆయన ఆలోచన. పట్నం దోపిడీ అబద్ధం కాదు. కాని పల్లె లోపల కూడా దోపిడీ ఉన్నది. పాలేరును ఏడాదికి కట్టేసుకునే రైతు, అతని దగ్గర అప్పుపడి పనిచేసే పాలేరు ఇద్దరూ ఒక్కటెట్లా అవుతారు?

ఈ తేడాను పట్టుకున్నవాడు పుచ్చలపల్లి సుందరయ్య. సత్యాగ్రహం కోసం మద్రాసు లయోలా కాలేజీ చదువు మధ్యలో వదిలి, నెల్లూరు జిల్లాలోని సొంత ఊరు అలగానిపాడులో కూలీలను కూడగట్టాడు. తానే భూస్వామి ఇంటి బిడ్డ అయ్యుండి ఆ పని చేశాడు. కూలీలకు వేరే సంఘం ఉండాలన్నది కమ్యూనిస్టుల మాట. దాని మీదా, మరికొన్ని రాజకీయాల మీదా రంగాకు వాళ్ళకు పడలేదు. రెండో ప్రపంచ యుద్ధం నాటికి దారులు వేరైపోయినయి.

మన జనగామ నేల మీద ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ చేసుకున్నది కౌలు భూమి. ఆ పంట మీద విసునూరు దేశ్‌ముఖు కన్ను వేస్తే సంఘం అండతో ఎదిరించింది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. తర్వాత సాయుధ పోరాటం తెలంగాణలో ఎన్నో పల్లెలకు పాకింది. పంపకంలో భూమి పేదల చేతికి వచ్చింది. అదే కాలంలో రంగా రాజ్యాంగ సభలో సభ్యుడు, ఆంధ్ర కాంగ్రెసులో పెద్ద నాయకుడు.

ఆయన తర్వాతి దారి ఇంకా స్పష్టం. 1951లో కాంగ్రెసు వదిలి కృషికార్ లోక్ పార్టీ పెట్టాడు. 1955 ఆంధ్ర మధ్యంతర ఎన్నికల్లో కమ్యూనిస్టులను ఓడించడానికి కాంగ్రెసుతో చేతులు కలిపి, తిరిగి అందులోనే చేరాడు. 1959 జనవరిలో నాగపూరు కాంగ్రెసు మహాసభ భూములకు పరిమితి పెట్టాలని, సహకార సేద్యం రావాలని తీర్మానించింది. రంగాకు అది సహించలేదు. అదే ఏడు రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి, దానికి అధ్యక్షుడయ్యాడు. సంస్థానాల రాజులూ వ్యాపారులూ అండగా ఉన్న పార్టీ అది. జమీందారును ఎదిరించి పైకివచ్చిన నాయకుడు చివరికి రాజుల పక్కన కూర్చున్నాడు.

1967లో స్వతంత్ర పార్టీ తరఫున శ్రీకాకుళం నుంచి లోకసభకు గెలిచాడు. అదే ఏడు అక్టోబరు 31న ఆ జిల్లాలోనే లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులను భూస్వాముల మనుషులు కాల్చి చంపారు. ఏ రైతుల తరఫున ఎవరు గెలిచారో, ఏ రైతులు చచ్చారో ఆ ఒక్క ఏడాది చూస్తే తెలుస్తుంది.

తర్వాత మళ్ళీ కాంగ్రెసులో చేరి 1980, 1984, 1989 ఎన్నికల్లో గుంటూరు నుంచి గెలిచాడు. 1991లో పద్మవిభూషణ్ ఇచ్చారు. 1995 జూన్ 9న కన్నుమూశాడు. మరుసటేడు వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు.

మనం నేర్చుకోవాల్సింది

రంగా చెడ్డవాడని చెప్పడానికి ఇది రాయలేదు. జైలుకు పోయినవాడు, ఊరూరా తిరిగినవాడు, రైతుకు మాట నేర్పినవాడు. కాని ఎంత పెద్ద చదువైనా ఒక కిటికీలోంచే చూస్తుంది. ఆయన కిటికీ డెల్టా రైతు ఇంటి కిటికీ. దాంట్లోంచి జమీందారు కనిపించిండు, షావుకారు కనిపించిండు, సర్కారు కనిపించింది. వాకిట్లో నిలబడ్డ పాలేరు సరిగా కనిపించలేదు.

కాలేజీ చదువు సగంలో వదిలిన సుందరయ్య 1974లో గుంటూరు జిల్లా అనంతవరంలో ఇల్లిల్లూ తిరిగి సర్వే చేయించాడు. పల్లె అంతా ఒక్కటనుకోలేదు. భూస్వామి ఎంత, ధనికరైతు ఎంత, పేదరైతు ఎంత, కూలి ఎంత అని విడదీసి లెక్కగట్టాడు. ఊరు ఆ జిల్లాదే, పని లెక్కలదే. ప్రశ్న మారింది, కాబట్టి జవాబూ మారింది.

ఈ తేడా పాతబడలేదు. 2018లో రైతుబంధు పెట్టినప్పుడు ఎకరానికి ఇంత అని పట్టాదారు ఖాతాలో పడింది. మానుకోట వైపు మిర్చి, భూపాలపల్లి వైపు పత్తి కౌలుకు వేసినవాడికి రాలేదు. ఆ మిర్చి ఏరిన, పత్తి తీసిన ఆడవాళ్ళకూ రాలేదు. పుస్తకంలో పేరున్నవాడే రైతు అన్న పాత లెక్క అది.

మన సంఘాలు చేయాల్సిన పని ఒకటుంది. పాలకుర్తిలో, గూడూరులో, రేగొండలో, ప్రతి ఊర్లో ఒక నోటుబుక్కు పెట్టండి. ఎవరి పేర ఎంత భూమి, దున్నేది ఎవరు, కౌలు ఎంత, ఏడాదిలో పని దొరికింది ఎన్ని రోజులు, ఆడకూలికి ఎంత, మగకూలికి ఎంత, అప్పు ఎక్కడిది, వడ్డీ ఎంత. అన్నీ రాయండి. రాయరాకపోతే బడికిపోయే బిడ్డతో రాయించండి. అర్జీతో పాటు ఆ లెక్క కూడా బల్ల మీద పెడితే ఆఫీసరు తప్పించుకోలేడు.

పాత బోర్డు మీదా కొత్త బోర్డు మీదా అర్థశాస్త్రం చదివినవాళ్ళ పేర్లే ఉన్నయి. కూలి ఇంటి లెక్క కూలి బిడ్డలే రాయాలి. దానికి ఆక్స్‌ఫర్డుకు పోనక్కర లేదు. పోయేవాళ్ళుంటే పోనీయండి, సంతోషమే. పోయినా మన వాకిలి నుంచి లెక్క మొదలుపెట్టాలని చెప్పి పంపండి.